గడప దాటని దేశాటనం

దేశాటనం విజ్ఞానానికి తొలిమెట్టని మన పెద్దలు చెబుతూ వచ్చారు. విద్య కోసం చైనా దాకానైనా వెళ్ళమన్న మాట ముస్లిం కుటుంబాలలో తరతరాలుగా వినబడుతూనే ఉన్నది. రెండూ వినడానికి ఇంపైన మాటలే. కాని చైనా దాకా వెళ్ళగల స్తోమత మనలో ఎందరికున్నది? కళాశాల విహారయాత్రకు రుసుము చెల్లించడానికే వెనుకాడే ఇళ్ళు మనలో అనేకం. ఆడపిల్ల పొరుగూరికి ప్రయాణమైతే తోడెవరని అడిగే ఇళ్ళు ఇంకా అనేకం. ఇట్టి పరిస్థితిలో దేశాటనం కలవారి విలాసంగానే మిగిలిపోవలసిందేనా?

అక్కరలేదని మా అభిప్రాయం. నిజంగా ఉన్న ఊళ్ళను, నదులను, నగరాలను ఆధారం చేసుకొని వెలువడిన గ్రంథాలను శ్రద్ధతో చదవడం కూడా దేశాటనమే. ప్రయాణం చేయలేనివారికి ఇచ్చే ఊరడింపుగా దీనిని భావించకూడదు. ఇది చూపుకు ఇచ్చే శిక్షణ. ఆ శిక్షణ లేనివాడు లోకమంతా తిరిగి వచ్చినా హోటలు గదుల సౌకర్యాన్ని మించి చెప్పగలిగింది ఉండదు.

ఈ విషయాన్ని హయత్‌నగర్‌లో ఉండి ఆలోచించడంలో ఒక విశేషం ఉన్నది. మన ఊరి పేరు హయాత్ బక్షీ బేగం పేరు. ఆమె మహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె, సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా భార్య, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. ఆమె పేరుతో నిలిచిన మసీదునూ, దాని ఆవరణలో బాటసారుల కోసం కట్టిన గదులనూ, సమీపంలోని ఏనుగుల బావినీ మనం ఎరుగుదుము. బాటసారులకు ఇక్కడ అన్ని గదులెందుకు కట్టవలసి వచ్చింది? గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే బాట ఇటుగా సాగడమే కారణం. నేడు విజయవాడకు పోయే జాతీయ రహదారి కూడా ఇదే దిక్కుగా సాగుతున్నది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే గోల్కొండకు వచ్చి, ఇక్కడి వజ్రపు గనులను, బజారులను, బాటలను వర్ణించాడు. ఆ గ్రంథం 1676లో ప్యారిస్‌లో అచ్చయింది. అంటే మూడు వందల ఏళ్ళకు పూర్వమే ప్యారిస్‌లోని పాఠకుడు చలిమంట పక్కన కూర్చొని మన నేలను చూశాడన్న మాట! ఇంట కూర్చొని లోకాన్ని చూసే ఈ విద్యలో మన వంతు మొదట చూడబడడం. ఇక చూడడం నేర్చుకోవలసిన వంతు వచ్చింది.

అందుకు తగిన గ్రంథాలు మన రెండు భాషలలోనూ ఉన్నాయి. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకొని స్వస్థలానికి చేరుకొన్నాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రలో గుళ్ళూ గోపురాలే కాదు. దారిలో నీటి వసతి, చెల్లుబడి అయ్యే నాణేలు, వసూలు చేసే సుంకాలు, ఊరూరి ఆచారాలు కూడా ఉన్నాయి. పుణ్యానికి వెళ్ళినవాడు లోకాన్ని ఎంత నిశితంగా చూశాడో ఆ గ్రంథం సాక్ష్యమిస్తుంది.

వీరాస్వామయ్య బయలుదేరడానికి రెండేళ్ళ ముందు, 1828లో, యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ అనే హైదరాబాదీ ఇల్లు విడిచాడు. దేశం తిరిగి లక్నో చేరి, అక్కడ కొలువు చేసి, 1837లో ఓడ ఎక్కి లండన్ వెళ్ళాడు. ఆ యాత్రను వర్ణించిన ఆయన గ్రంథం 1847లో ఢిల్లీలో అచ్చయింది. అజాయబాతె ఫరంగ్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఆ రచనను ఉర్దూలో తొలి యాత్రాగ్రంథంగా సాహిత్య చరిత్రకారులు గౌరవిస్తారు. తెలుగులో కాశీయాత్రకు ఉన్న స్థానం ఉర్దూలో దానిది. రెండు గ్రంథాల నడుమ దూరం తొమ్మిదేళ్ళు మాత్రమే. ఒకరు మన నగరం మీదుగా వెళ్ళినవారు, మరొకరు మన నగరం నుంచే వెళ్ళినవారు.

అయితే మన తెలుగు విభాగంలో కంబల్‌పోష్ పేరు విన్న విద్యార్థులెందరు? ఉర్దూ విభాగంలో కాశీయాత్ర చరిత్రను చేత పట్టినవారెందరు? ఈ వార్షిక సంచికనే చూడండి. తెలుగు పుటలు ఒక అట్ట నుంచి, ఉర్దూ పుటలు మరొక అట్ట నుంచి మొదలవుతాయి. చదివేవారు ఎవరి అట్ట వారు తెరిచి, మధ్యకు రాగానే ఆగిపోతారు. ఒకే గంటకు లేచి ఒకే ఆవరణలో నడిచే మనకు, లండన్ కంటే ముందు చేయవలసిన ప్రయాణం ఈ మధ్య పుటను దాటడమేనని మేము నమ్ముతున్నాము.

దీని వలన కలిగే లాభం ఊహామాత్రం కాదు. జీలానీ బానో ఉర్దూలో రాసిన ఐవానె గజల్ నవల 1976లో వెలువడింది. అందులో హైదరాబాదు జాగీర్దారీ కుటుంబాల దేవిడీలు, వాటి వైభవం, వాటి పతనం కనబడతాయి. దాశరథి రంగాచార్య రాసిన చిల్లర దేవుళ్ళు నవలలో నిజాం పాలన నాటి తెలంగాణ పల్లె, అక్కడి దొరతనం, వెట్టి కనబడతాయి. మొదటిది మాత్రమే చదివినవారికి దేవిడీలోని దీపాల కాంతి తెలుస్తుంది. ఆ దీపానికి నూనె ఎక్కడి నుంచి వచ్చిందో రెండవది చదివితేనే తెలుస్తుంది. రెండవది మాత్రమే చదివినవారికి నగరంలోని దేవిడీ గోడల వెనుక స్త్రీలు పడిన వేదన తెలియకుండా పోతుంది. ఒకే నేలకు రెండు ముఖాలు. రెండు భాషలలో భద్రపరచబడ్డాయి. అదే జీలానీ బానో రాసిన ఒక ఉర్దూ కథ పేరు నర్సయ్యన్ కీ బావ్‌డీ. పేరు వినగానే తెలుగు పల్లె గుర్తుకు రావడం లేదా?

మన విద్యార్థినుల కోసం మరి రెండు పేర్లు చెప్పవలసి ఉన్నది. హైదరాబాదుకు చెందిన సుగ్రా హుమాయూన్ మీర్జా పత్రికలు నడిపి, బాలికలకు పాఠశాల నెలకొల్పిన విదుషి. తన ఐరోపా ప్రయాణాన్ని ఉర్దూలో గ్రంథంగా రాశారు. ఆచార్య నాయని కృష్ణకుమారి కాశ్మీర యాత్రను కాశ్మీర దీపకళిక అనే పేరుతో తెలుగు పాఠకులకు అందించారు. ఇల్లు దాటడమే గగనమయిన అమ్మాయికి ఈ గ్రంథాలు దృశ్యాలతో పాటు ధైర్యాన్ని కూడా ఇస్తాయి. స్త్రీ ఒక నగరాన్ని చూసినప్పుడు ఆమె దృష్టి నిలిచే చోట్లు వేరు. పురుషులు రాసిన వంద పుటలలో దొరకని వంటిల్లు, పాఠశాల, పిల్లల ఆటలు అక్కడ దొరుకుతాయి.

కదలలేని స్థితిలోనే సుదూర ప్రయాణం చేసినవారు కూడా ఉన్నారు. రాహుల్ సాంకృత్యాయన్ 1942లో హజారీబాగ్ కారాగారంలో ఉండి, ఓల్గా నుంచి గంగకు అనే పేరుతో తెలుగువారికి పరిచయమైన కథలు రచించాడు. అందులో వోల్గా తీరం నుంచి గంగా తీరం దాకా వేల ఏళ్ళ నడక ఉన్నది. వంగ రచయిత విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ ఎన్నడూ ఆఫ్రికా వెళ్ళకుండానే, యాత్రికుల గ్రంథాలు చదివి, చాందేర్ పహార్ అనే ఆఫ్రికా నవల రాశాడు. చదువు బలం అంతటిది.

దాని పరిమితి కూడా అక్కడే తెలుస్తుంది. ఆ నవలలో అడవి, ఎడారి, సింహం అద్భుతంగా ఉన్నాయి. ఆ నేలపై పుట్టిన మనుషులు మాత్రం అంచులలోనే మిగిలారు. ఆ లోటు తీరడానికి నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో ప్రకటించిన నవల వంటిది చదవవలసి ఉంటుంది. అది ఇగ్బో పల్లెలను లోపలి నుంచి చూపుతుంది. తావెర్నియే మన నేలను చూసినప్పుడు కూడా వజ్రాన్ని తూచే వర్తకుని కన్నే ముందు పనిచేసింది. కనుక ఒక స్థలాన్ని గురించి ఒక పుస్తకం చదివి తృప్తి పడకూడదు. రచయిత ఎవరు, ఏ సంవత్సరంలో చూశాడు, ఏ పని మీద వచ్చాడు అని అడిగి, పటాన్ని పక్కన పెట్టుకొని చదవాలి. కంబల్‌పోష్ చూసిన లండన్ 1837 నాటిది. దానిని నేటి లండన్‌గా భావిస్తే దోషం చదువరిదే.

చేతిలోని ఫోనులో లోకమంతా కనబడుతుండగా ఈ శ్రమ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మన రహదారి మీదే, కొద్ది దూరంలో, 1996లో ఏర్పడిన రామోజీ ఫిల్మ్ సిటీ ఉన్నది. విదేశీ వీధులు, రైల్వే స్టేషను, విమానాశ్రయం అన్నీ అక్కడ ఉన్నాయి. వేడుకగా చూడవలసినవే. కాని చిత్రీకరణకు కట్టిన గోడకు కెమెరా వైపు అందం ఉంటే చాలును. దాని వెనుక ఎవరి కాపురమూ ఉండనక్కరలేదు. ఫోనులోని బొమ్మ కూడా చాలా వరకు అటువంటి గోడే. ఆ వీధిలో బియ్యం ధర ఎంత, పక్కింటివారితో తగవు దేనికి, మరణం సంభవిస్తే ఎవరు ముందు వస్తారు అనే సంగతులు పుస్తకమే చెప్పగలదు.

ఈ సందర్భంలో కళాశాల కమిటీవారికి మేము నాలుగు మనవులు చేస్తున్నాము. మొదటిది: గ్రంథాలయంలో యాత్రాగ్రంథాలకు, స్థల ప్రధానమైన నవలలకు ఒక బీరువా ప్రత్యేకించి, భాషను బట్టి కాక ప్రదేశాన్ని బట్టి అమర్చాలి. హైదరాబాదు అనే అరలో ఐవానె గజల్ పక్కన కాశీయాత్ర చరిత్ర ఉండాలి. బీరువా పక్క గోడకు ప్రపంచ పటం, జిల్లా పటం తగిలించాలి. రెండవది: సెలవులలో పుస్తకాలు ఇంటికి తీసుకుపోవడానికి, ముఖ్యంగా విద్యార్థినులకు, అనుమతి ఇవ్వాలి. మూడవది: నెలకొకసారి ఉర్దూ విద్యార్థి తాను చదివిన గ్రంథాన్ని తెలుగులోను, తెలుగు విద్యార్థి తన గ్రంథాన్ని ఉర్దూలోను పరిచయం చేసే సభ జరపాలి. తప్పులు దొర్లినా ఫరవాలేదు. నాల్గవది: ఏడాదికొకసారి మమ్ములను అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి తీసుకువెళ్ళాలి. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా ప్రారంభమైన ఆ సంస్థలో తెలుగు, ఉర్దూ గ్రంథాలు ఒకే కప్పు కింద ఉన్నాయి.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. చదివినవాడు రాయవలసిన బాధ్యత కూడా ఉన్నది. రహదారి విస్తరిస్తున్నది, చెరువుల అంచులు ఇళ్ళతో నిండుతున్నవి, పాత హయత్‌నగర్‌ను కళ్ళారా చూసిన వృద్ధులు ఒక్కరొక్కరే తగ్గిపోతున్నారు. మసీదు గదుల గురించి, ఏనుగుల బావి గురించి, ఈ బాట మీద బండ్లు తోలి బతికిన కుటుంబాల గురించి వారు చెప్పేది రెండు భాషలలోనూ రాసి, రాబోయే సంచికకు పంపండి. ఎక్కడో ఇంట కూర్చొని లోకాన్ని చదవాలనుకొనే మరొక విద్యార్థికి హయత్‌నగర్ కూడా ఒక దూరదేశమే. అతనికి మన ఊరిని చూపవలసినవారం మనమే.