బూజు కాని బూజు

పొద్దున్నే వచ్చిన టమాటా ఆకు. అంచున నీరు పట్టినట్టున్న నల్ల మచ్చ, అడుగున పలచటి తెల్ల నూగు. "బూజు పట్టింది సార్" అన్నాడు తెచ్చిన రైతు. ఆ నూగును చల్లటి నీటిచుక్కలో వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. నిమ్మకాయ ఆకారపు తిత్తులు. రెండు గంటలకు కొన్ని తెరుచుకున్నాయి. ఒక్కోదాంట్లోంచి గుంపుగా బయటికొచ్చిన కణాలు ఈదడం మొదలుపెట్టాయి. ఒక్కో కణానికి రెండు తోకలు: ఒకటి నున్నగా, ఇంకోటి సన్నటి నూగుతో.

రొట్టె మీద పట్టే బూజు ఇలా ఈదదు.

దీని పేరు ఫైటోఫ్తొరా ఇన్‌ఫెస్టాన్స్; ఇది తెచ్చే తెగులు లేట్ బ్లైట్. 1845లో ఐర్లండ్ బంగాళాదుంపను కుళ్లబెట్టి, పది లక్షల మంది చావుకు కారణమైన కరువు తెచ్చింది ఇదే. చూపుకు శిలీంద్రమే గానీ, ఇది ఊమైసీట్ల జాతి. దీని చుట్టాలు పుట్టగొడుగులు కావు; డయాటములు, విశాఖ తీరంలో రాళ్ల మీద పెరిగే సర్గాసం లాంటి గోధుమరంగు నాచులు. మిరప నారుమడిలో నారుకుళ్లు తెచ్చే పిథియం, కొబ్బరి మొవ్వు కుళ్లబెట్టే ఇంకో ఫైటోఫ్తొరా కూడా ఈ ఇంటివే.

చుట్టరికాల గొడవ పొలంలో ఎందుకంటారా? మందు దగ్గర అవసరపడుతుంది. హెక్సాకొనజోల్, టెబ్యుకొనజోల్ లాంటివి శిలీంద్రంలో ఎర్గోస్టెరాల్ తయారీని ఆపి పనిచేస్తాయి. ఊమైసీట్లు అసలు ఎర్గోస్టెరాల్ తయారుచేసుకోవు. లేని పొయ్యి ఆర్పడానికి బిందెలు మోసినట్టే. కార్బెండజిమ్‌కూ ఇది లొంగదు. ఆ రైతు ఈ రెండు రకాల మందులూ మార్చిమార్చి మూడుసార్లు కొట్టాడు. తప్పు అతనిది అనను. డబ్బా మీద శిలీంద్రనాశిని అనే ఉంది మరి.

నా దిగులు అక్కడితో ఆగలేదు. సరిగ్గా దీనికోసమే వచ్చిన మెటలాక్సిల్‌ను తట్టుకునే రకాలు 1980కే ఐర్లండ్, నెదర్లాండ్స్ చేలలో కనిపించాయి. 2004లో యూరప్‌లో బయటపడిన 13-ఏ2 అనే రకానికీ ఆ మందు పనిచేయదు. దాన్నే తర్వాత మన దక్షిణాది టమాటా, బంగాళాదుంప తోటల్లో పరిశోధకులు గుర్తించారు. కర్ణాటక టమాటా రైతులు అప్పటికే దెబ్బతిన్నారు. కోలారుకూ మదనపల్లెకూ మధ్య నూరు కిలోమీటర్లు కూడా లేవు. నారు ట్రేలకు, తడిగాలికి చెక్‌పోస్టు అడ్డం కాదు.

ఈ ఫైటోఫ్తొరా ఇన్‌ఫెస్టాన్స్‌లో ఏ1, ఏ2 అని రెండు జత రకాలున్నాయి. విడివిడిగా ఉంటే బతికున్న మొక్కనో దుంపనో పట్టుకునే బతకాలి. రెండూ ఒకే ఆకు మీద కలిస్తే మందపాటి గోడ ఉన్న బీజాలు పుడతాయి. అవి పంట లేకున్నా నేలలో ఏళ్ల తరబడి కాచుకుంటాయి. పైగా ప్రతి జతలో కొత్త కలయిక.

మబ్బుపట్టి, చల్లబడి, ఆకు తడి ఆరని రోజుల్లో మచ్చ కనిపిస్తే కొట్టుకు వెళ్లకముందే ఆ ఆకును కవర్లో పెట్టి దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. కొనేముందు లేబుల్ చదివించుకోండి: అందులో టమాటా, లేట్ బ్లైట్ అనే రెండు మాటలూ లేకపోతే ఆ డబ్బా వెనక్కి ఇచ్చేయండి.