కుళ్ళనివ్వండి బాబూ!

చార్టు మీద ఎడం పక్క అరటితొక్క బొమ్మ, కుడి పక్క ప్లాస్టిక్ కవరు బొమ్మ. కింద స్కెచ్ పెన్నుతో "భూమాతను కాపాడుదాం". మన బళ్ళలో జీవ విచ్ఛిన్నం పాఠం ఇంతే! ఆ బొమ్మలైనా పిల్లలు వేసినవి కాదు, షాపులో షీటు కొని కత్తిరించినవి. అంటించేదెవరయ్యా అంటే, రాత్రి పదింటికి క్లయింట్ కాల్ మ్యూట్‌లో పెట్టిన నాన్నగారు.

టెస్టు రన్ చెయ్యకుండా "పాస్" అని రిపోర్టిస్తే మన టీములో ఊరుకుంటామా? పిల్లల సైన్సు దగ్గరికొచ్చేసరికి మాత్రం అదే ముద్దు.

మా ఆనందపురం సంగతే తీసుకోండి. పూలమార్కెట్ ఇక్కడే, విశాఖ చెత్త చేరే కాపులుప్పాడా దగ్గర్లోనే. ఇంతకంటే ల్యాబ్ ఏం కావాలండీ? వాడిపోయిన ఓ బంతిపూల దండని కుండీలో పాతించండి. పక్క కుండీలో అలాంటిదే ఇంకోటి, కాకపోతే మట్టిని ముందు బాగా ఉడికించి చల్లార్చాలి. రెండిట్లో తడి ఒకేలా ఉండాలి. వారం వారం తవ్వి, ఏం మిగిలిందో రాసుకోమనండి. మామూలు మట్టిలో ముందు పూలు పోతాయి, తర్వాతెప్పుడో నూలు దారం. నైలాన్ దారమైతే అలాగే ఉంటుంది. ఉడికించిన మట్టిలో ఆలస్యమవుతుంది గానీ, అక్కడా కుళ్ళుతాయి. పూల మీద కూడా సూక్ష్మజీవులు ఉంటాయి కదా! "చంపేశాం కదా, మళ్ళీ ఎలా వచ్చాయి?" అని ఒక్క పిల్ల అడిగితే చాలు, ఆ ఏడాది పాఠం గిట్టుబాటైనట్టే.

మూడో కుండీలో "కంపోస్టబుల్" కవరు పెట్టండి. 120 మైక్రాన్ల కన్నా పల్చని ప్లాస్టిక్ కవర్లని 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించారు, కంపోస్టబుల్‌కి మాత్రం మినహాయింపు. కానీ వాటిలో చాలావాటికి దాదాపు 58 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు ప్లాంటు కావాలి, పెరటి మట్టి చాలదు. ఇంగ్లండులో ప్లిమత్ యూనివర్సిటీ వాళ్ళు ఇలాగే కవర్లు పాతి చూశారు. "బయోడీగ్రేడబుల్" అని రాసున్న కవరు మట్టిలో మూడేళ్ళున్నాక కూడా సరుకులు మోసిందని 2019లో ప్రకటించారు. మరి చార్టులో దీన్ని ఏ పక్క అంటిస్తారు?

మావాడి బళ్ళో ఈ మాటే అడిగా. "మట్టీ, కంపూ... పేరెంట్స్ ఒప్పుకోరు సార్, పైగా సిలబస్ అవ్వాలి" అన్నారు. సిలబస్ సంగతి నిజమే, టీచర్లని అనలేం. కానీ ఆ ఒప్పుకోని పేరెంట్స్ ఎవరండీ? మనమే! స్మార్ట్ బోర్డు ఉందా, ఏసీ ఉందా అని అడిగి మరీ ఫీజు కడతాం, కుండీ ఉందా అని ఒక్కరమూ అడగం.

కుండీలూ మట్టీ నేనే తెస్తానని చెప్పొచ్చాను. ఇంకా జవాబు రాలేదు.