జిహ్వకో రుచి

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. ఆ మాట మన ఇళ్ళల్లో ఒప్పుకుంటాం గాని, ఇంగ్లీషువాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మరచిపోతాం. వాళ్ళ తిండి ప్రసక్తి వస్తే చాలు, “ఒట్టి చప్పిడి కూడు!” అని ఒక్క మాటలో తేల్చేస్తాం.

మా చాట్రాయిలో మామిడికాయ దిగే రోజుల్లో ఇంటికి పెట్టుకునే ఆవకాయ జాడీలతోపాటు ఈమధ్య సీమకు పోయే పొట్లాలు కూడా సిద్ధమవుతున్నాయి. అక్కడ చదువుకుంటున్న కుర్రాడి తల్లి ఒకావిడ మొన్న నాతో, “యేడాదైనా మావాడు అక్కడి తిండి ముట్టడం లేదండీ, మాస్టారూ! తోటి విద్యార్థి ఇంట్లో పండక్కి భోజనానికి పిలిచినా వెళ్ళలేదట. గదిలో ఒక్కడే ఆవకాయ కలుపుకుని తిన్నాడట” అన్నది. ఆవిడ గొంతులో సగం జాలి, సగం గర్వం. “అసలా తిండి మనవాళ్ళకు యెప్పటికైనా పడుతుందంటారా?” అని కూడా అడిగింది.

అలవాటు చేసుకుంటే పడుతుంది. ఆ మాటకొస్తే ఆవకాయ మాత్రం పుట్టుకతో వచ్చిన రుచా? పసివాడికి మొదట ముక్క నీళ్ళలో కడిగి పెడతాం. తరువాత నెయ్యి దండిగా వేసి చిన్న ముద్ద. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మంచినీళ్ళు తాగించి, మర్నాడు మళ్ళీ మొదలు. ఇంత తర్ఫీదు ఇచ్చి నేర్పినదాన్ని సహజమైన రుచి అనుకుంటాం!

ఇంకో విచిత్రం చూడండి. ఆవకాయ పేరులో ఆవ వున్నది గాని మిరప లేదు. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన ఘాటంతా మిరియాలది, ఆవాలది. ఆ ఆవపిండే ఇంగ్లీషువాడి భోజనం బల్ల మీదా వుంటుంది. నార్విచ్ నగరం దగ్గర జెరెమయా కోల్మన్ 1814లో ఆ వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ పిండి పొడిగా వున్నంతసేపూ ఉలుకూ పలుకూ వుండదు. తడి తగిలిందా, ముక్కు అదిరిపోతుంది. ఆవ పెట్టి అరటికాయ కూర వండే ఇల్లాలికి ఈ సంగతి వేరే చెప్పాలా?

ఇక చప్పదనం మాట. అది పూర్తిగా అబద్ధమనను. కాని దానికీ కొంత చరిత్ర వున్నది. యుద్ధం మూలాన 1940 జనవరిలో అక్కడ వెన్నకూ చక్కెరకూ రేషను పెట్టారు. తరువాత మరెన్నో సరుకులు ఆ జాబితాలో చేరాయి. 1954 జూలైలో మాంసం మీద ఆంక్ష తీసేదాకా ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. పద్నాలుగేళ్ళపాటు ఆ దేశపు ఇల్లాళ్ళు వున్నదానితో సరిపెట్టుకుని వండారు. కరువునాటి వంట చూసి ఒక ఇంటికి పేరు పెట్టటం న్యాయమేనా?

1888లో లండను వెళ్ళిన గాంధీగారికి ఉప్పూకారం లేని ఉడికిన కూరలు మొదట సయించలేదు. తల్లికిచ్చిన మాట కోసం మాంసం ముట్టక, అర్ధాకలితో గడిపారు. ఇంటినుంచి తెప్పించుకునే మిఠాయిలూ మసాలాలూ మానేశాక ఆ ఉడికిన కూరలే ఆయనకు హితవయినాయి. రుచికి అసలు చోటు మనసేనని ఆయన తేల్చుకున్నారు. నియమం చెడలేదు, రుచి మాత్రం మారింది.

కనుక పిల్లలకు ఆవకాయ నిక్షేపంలా పంపండి. మామిడితోటల మధ్య పుట్టినవాణ్ణి, వద్దని నేనెలా అంటాను? కాని దానితోపాటు ఒక మాట కూడా చెప్పి పంపండి. తినకూడదనుకున్నది తినవద్దు, ఉడికిన బంగాళాదుంపకూ, బఠాణీలకూ, రొట్టెకూ యే నియమమూ అడ్డురాదు. పిలిచినవాళ్ళ ఇంటికి వెళ్ళి, నాలుగు ముద్దలు తిని, వండిన ఇల్లాలితో బాగుందని చెప్పి రమ్మనండి. పరాయి వూళ్ళో స్నేహాలు భోజనాల దగ్గరే మొదలవుతాయి. గదిలో ఒంటరిగా తినే ఆవకాయకు ఆ శక్తి లేదు.