చవక ఫోను కోతలన్నీ రైతు నెత్తిమీదనేనా?



"రైతుకు మంచి ఫోనెందుకు, ఎనిమిది వేలలో ఏదో ఒకటి చాలదా?" ఈ మాట ఈ మధ్య బాగా వింటున్న. ఫోన్ల షాపులో అంటరు, ఆఫీసులో అంటరు, పట్నంలో చదువుకునే మన పిల్లలు కూడా అంటరు. ఇది తప్పు మాట. ఎందుకు తప్పో లెక్కతోని చెప్తా. పోస్టు కొంచెం పొడుగైతది, ఓపికతో చదవండి.

మొదటిది, మనం ఫోను సరదాకు కొంటలేము. పీఎం కిసాన్ పైసలు ఏడాదికి 6,000, మూడు విడతలు. వాటికి ఈ-కేవైసీ కావాలె. ఓటీపీతో చేయాలె, లేకపోతే సెంటరుకు పోయి వేలిముద్ర పెట్టాలె, 2023 నుంచైతే యాపులో ముఖం చూపించి కూడా చేసుకోవచ్చు. పత్తి రైతుకు 2025 సీజను నుంచి ఇంకొకటి వచ్చింది. సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాపులో నమోదు కావాలె, అందులోనే స్లాటు బుక్ చేసుకోవాలె. ఆ సీజనుకు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110. స్లాటు దొరకకపోతే ఆ ధర కాగితం మీదనే ఉంటది, బయట వ్యాపారి చెప్పిందే రేటు.

అంటే ఫోను ఇప్పుడు కరెంటు మోటారు లెక్క, స్ప్రేయరు లెక్క సేద్యం సామాను. మోటారు కొనేటప్పుడు మనం పైన రంగు చూస్తమా? లోపల రాగి వైండింగా, అల్యూమినియమా అని అడుగుతం. కాలిపోతే రీవైండింగుకు ఎంతైతది అని అడుగుతం. ఫోను దగ్గరికి వచ్చేసరికి మాత్రం డబ్బా మీద అంకెలు చూపించి మన నోరు మూయిస్తున్నరు.

ఆ అంకెల సంగతి చూద్దాం.

"50 మెగాపిక్సెల్ కెమెరా" అని రాస్తరు. మామూలుగా ఫోటో తీస్తే నాలుగు చుక్కలు కలిపి ఒకటి చేసి, పన్నెండున్నర మెగాపిక్సెల్ ఫోటోనే ఇస్తది. అది తప్పు కాదు. కానీ పక్కన ఉండే రెండో కన్ను, మూడో కన్ను చాలా చవక ఫోన్లలో లెక్కకే, పనికి కాదు. ఆకు కింద తెల్లదోమ, కాయలో గులాబీ రంగు పురుగు ఫోటో తీసి పంపాలంటే మనకు కావాల్సింది దగ్గర వస్తువు మీద ఫోకస్ నిలబడుడు. ఫోకస్ సరిగ్గా నిలబడితే 8 మెగాపిక్సెల్ కూడా చాలు. నిలబడకపోతే 50 ఉన్నా మసకే.

"8 జీబీ ర్యామ్" అని పెద్ద అక్షరాలు ఉంటయి. కింద చిన్న అక్షరాల్లో 4+4 అని ఉంటది. అసలు ర్యామ్ 4. మిగతా 4 స్టోరేజీలోంచి అప్పు తెచ్చి చూపించేది. ఆ స్టోరేజీ కూడా చవక ఫోన్లలో ఎక్కువగా ఈఎంఎంసీ అనే పాత, నెమ్మది రకం. అప్పు తెచ్చిన ర్యామ్ అసలు ర్యామ్ పని చేయదు.

"5జీ" అంటరు. 5జీ మన దేశంలో 2022 అక్టోబరులో మొదలైంది. మా చేన్ల దగ్గర 4జీనే ఒక గీత వస్తే గొప్ప. పైగా 5జీలో కూడా రెండు రకాలున్నయి. కొన్ని చవక ఫోన్లు అందులో ఒక రకానికే పని చేస్తయి. అంటే ఒక కంపెనీ సిమ్ముకు 5జీ వస్తది, ఇంకో కంపెనీ సిమ్ముకు రాదు. ఆ ముచ్చట షాపాయన చెప్పడు.

ఇప్పుడు కోత ఎక్కడ పెట్టిన్రో చూడండి. తెర వెలుగులో కోత. మిట్ట మధ్యాహ్నం చేనులో నిలబడితే తెర మీద మన ముఖం కనపడుతది గాని ఓటీపీ కనపడదు. ముందు కెమెరాలో కోత. పొద్దుమూకినాక ముఖం కేవైసీ చేయాలంటే నాలుగుసార్లు తిప్పి పంపుతది. దుమ్ము, నీళ్లు తట్టుకునే కట్టుదిట్టంలో కోత. అప్‌డేట్లలో కోత. రెండేళ్లు కాగానే కంపెనీ చేతులు దులుపుకుంటది. పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు పేరుతో దొంగ ఏపీకే ఫైళ్లు వాట్సాపుల్లో తిరుగుతున్న కాలం ఇది. భద్రతా అప్‌డేట్లు ఆగిన ఫోనులో బ్యాంకు ఖాతా నడుపుడంటే తలుపుకు గొళ్లెం లేకుండా పండుకున్నట్టే.

పట్నంలో ఏసీ గదిలో కూసొని వీడియోలు చూసే మనిషికి ఈ కోతలు పెద్దగా తగలయి. ఎండలో, దుమ్ములో, తడి చేతులతో పని చేసేటోనికే తగులుతయి. మనకు అక్కరలేనిది నింపి, మనకు కావాల్సింది తీసి, "రైతుకు ఇది చాలు" అంటున్నరు. నా కోపమంతా ఇక్కడనే.

మా ఊర్లో ఒక పత్తి రైతు ముచ్చట చెప్తా. 8,500 పెట్టి కొన్న ఫోను, 64 జీబీ. అందులో సిస్టముకే పోగా మిగిలింది తక్కువ. ఏడాదిన్నరకు వాట్సాపు ఫోటోలతో నిండింది. స్లాట్లు తెరిచిన పొద్దున యాపు తెరిస్తే తెర గుండ్రంగా తిరుగుతనే ఉంది. బందు చేసి మళ్లీ పెట్టేసరికి స్లాట్లు అయిపోయినయి. ఇంట్లో అవసరం ఉండి ఆగలేక, 12 క్వింటాళ్లు బయట అమ్మిండు. మద్దతు ధర కంటే క్వింటాలుకు 700 తక్కువ. 12 ఏడులు 84. మొత్తం 8,400 పోయింది. ఫోను ధర ఎంత? 8,500. ఒక్క పొద్దున ఇంకో ఫోను ధర పోయింది. చవక ఎక్కడుంది ఇందులో?

"ధరను బట్టి సరుకు, కంపెనీలు ధర్మానికి పెట్టలేదు కదా" అనేటోళ్లున్నరు. నిజమే. ఎనిమిది వేలకు అన్నీ రావు, నాకు తెలుసు. రాజీ పడుడు రైతుకు కొత్త కాదు. వాన లేకపోతే వరి మాని ఆరుతడి పెట్టేది మనమే. కానీ ఏది వదులుకోవాలో మనం తేల్చుకోవాలె. మూడు కెమెరాలు తీసేయండి, ఒకటి మంచిది పెట్టండి. 5జీ తీసేయండి, 4జీ సిగ్నలు గట్టిగా పట్టేటట్టు చేయండి. తళతళ మెరిసే వెనక డబ్బా తీసేయండి, తెర వెలుగు పెంచండి. ఇదే ధరలో ఇది చేయొచ్చు. చేయరు, ఎందుకంటే షాపులో అద్దాల వెనక వెలుగు అంకె అమ్ముడుపోదు, 50 మెగాపిక్సెల్ అమ్ముడుపోతది.

ఏడాది లెక్క కూడా వేసుకోండి. 8,500 ఫోను రెండేళ్లు నడిస్తే ఏడాదికి 4,250. 13,000 ఫోను నాలుగేళ్లు నడిస్తే ఏడాదికి 3,250. చేతిలో పైసలు లేనోడే ఎక్కువ కడుతున్నడు.

సర్కారుకు కూడా ఒక మాట. ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ 1 నుంచి 12 శాతం నుంచి 18కి పెంచిన్రు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద 12 నుంచి 5కి తగ్గించిన్రు, డ్రిప్పు మీద తగ్గించిన్రు. మంచిదే. ఫోను మీద మాత్రం 18 అట్లనే ఉంచిన్రు. 8,500 ఫోనులో దాదాపు 1,300 పన్నే. యాపు లేకుండా పత్తి కొనమని చెప్పేది మీరే, ఆ యాపు నడిపే సామాను మీద 18 శాతం గుంజేది మీరే. పదివేల లోపు ఫోనును సేద్యం సామాను కింద చూసి 5 శాతంలో పెట్టాలె. రైతు యాపులు 2, 3 జీబీ ర్యామ్ ఫోన్లలో నడిచేటట్టు తేలికగా చేయాలె. ఫోను లేనోనికి స్లాటు ఇచ్చే మనిషి ఒకరు మార్కెట్ యార్డులో కూసోవాలె.

యూరప్ దేశాల్లో 2027 ఫిబ్రవరి నుంచి ఫోను బ్యాటరీ కొన్నోడే మార్చుకునేటట్టు ఉండాలని చట్టం చేసిన్రు. మన పాత డబ్బా ఫోన్లలో గోరుతో మూత తీసి బ్యాటరీ మార్చలేదా? అది మనం అడిగితే వెనకబడిన మాట, వాళ్లు చేస్తే ముందుచూపా?

ఇక కొనేటోళ్లకు. ఫోనును షాపు బయటికి, ఎండలోకి తెచ్చి తెర చూడండి. మీ సిమ్ము వేసి, స్పీకరు పెట్టి రోడ్డు మీద మాట్లాడి చూడండి. చిన్న అక్షరాలు చెయ్యి అడ్డం పెట్టి ఫోటో తీసి చదవొస్తదా చూడండి. అప్‌డేట్లు ఎన్నేళ్లని అడగండి. 128 జీబీకి తగ్గకండి, లేదంటే మెమరీ కార్డు పెట్టుకునే జాగ ఉందా చూడండి. తెర పగిలితే ఎంత, బ్యాటరీ మారిస్తే ఎంత అని ముందే అడగండి. పాత ఫోను కొంటే *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు చూసుకొని, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ విడిచి, ఆ నంబరు వేసి 14422కు మెసేజ్ పెట్టండి. దొంగ ఫోనైతే తెలుస్తది.

విత్తనం కొనేటప్పుడు ప్యాకెటు బొమ్మ చూసి కొనం, లాటు నంబరు చూసి బిల్లు తీసుకుంటం. ఫోనుకు కూడా అదే పద్ధతి. "రైతుకు ఇది చాలు" అని ఎవడన్నా అంటే, చాలుతదో లేదో చేనులో నిలబడి నేను చెప్తా అనండి.