ప్రాణం దక్కింది సరే, చెయ్యి మాటేమిటి?

"ప్రాణం దక్కింది కదమ్మా, ఇంకేం కావాలి!"

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన ఆడమనిషి చంకలో నొప్పి అన్నప్పుడల్లా వినే మాట ఇది. చుట్టాలంటారు, పక్కింటివాళ్ళంటారు, ఒక్కోసారి డాక్టరు గదిలో కూడా కాస్త మర్యాదగా ఇదే వినిపిస్తుంది. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ధైర్యం చెబుతున్నామనే అనుకుంటారు. కానీ ఆ మాటతో జరిగేది నోరు మూతపడటమే. ప్రాణం అనే పెద్ద మాట ముందు చెయ్యి అనే చిన్న మాట ఎవరెత్తగలరు? ఎత్తితే బతికించినవాళ్ళ మీద విశ్వాసం లేనిదాన్నైపోతాం.

నాకు కుడివైపు ఆపరేషన్ అయి రెండేళ్ళు దాటింది. చంకలో లింఫ్ గ్రంథులు కూడా తీశారు. ఈ రెండేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇవాళ దానికి జవాబు రాయాలని కూర్చున్నాను.

ప్రాణం దక్కడం ఒక లెక్క, నొప్పి తగ్గడం ఇంకో లెక్క. మొదటిది సరిపోయింది కదా అని రెండోది కొట్టేయడానికి వీల్లేదు. ఈ నొప్పికి కారణాలున్నాయి, పేర్లున్నాయి, చాలావరకు వైద్యమూ ఉంది. లేనిదల్లా దాని గురించి అడిగే చోటు, వినే చెవి.

ముందసలు "చంక" అనే మాట దగ్గరే మనకి గొంతు తగ్గిపోతుంది. చిత్రమేమిటంటే మన భాషకి ఆ సిగ్గు లేదు. పిల్లని చంకనేసుకుంటాం. సంతోషమొస్తే చంకలు గుద్దుకుంటాం. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికే సామెత చిన్నపిల్లలకి కూడా వచ్చు. ఆడవాళ్ళ బతుకంతా ఆ చంక మీదే నడిచింది, ఒకవైపు బిందె, ఒకవైపు బిడ్డ. తీరా అక్కడ కత్తి పడ్డాక మాత్రం "చెయ్యి కొంచెం లాగుతోందండీ" అని చెప్పి ఊరుకుంటాం. ఎక్కడ లాగుతోంది, ఎలా లాగుతోంది, ఎప్పుడు లాగుతోంది అని మనం చెప్పం, వాళ్ళు అడగరు.

కాబట్టి నేను వివరంగానే చెబుతాను. రొమ్ములో క్యాన్సర్ బయటికి పాకితే తరచుగా మొదట చేరేది చంకలోని లింఫ్ గ్రంథుల్లోకి. అందుకే రొమ్ముతో పాటు వాటినీ చూస్తారు. జబ్బు అక్కడిదాకా రాలేదనిపిస్తే రంగు ఎక్కించి, ఆ రంగు ముందుగా చేరిన ఒకటి రెండు గ్రంథులు మాత్రమే తీసి పరీక్షకి పంపుతారు. దాన్ని సెంటినెల్ నోడ్ బయాప్సీ అంటారు. జబ్బు గ్రంథుల్లోకి చేరిందని ముందే తెలిస్తే చాలాసార్లు చంకలోని గ్రంథుల్ని గుత్తంగా తీసేస్తారు, అవి పదీ పదిహేనూ కూడా ఉండొచ్చు. మన దగ్గర చాలామంది గడ్డ పెద్దదయ్యాక గానీ ఆసుపత్రి మొహం చూడరు. అందుకే ఈ రెండో రకం ఆపరేషన్ మన ఆడవాళ్ళకి ఎక్కువ.

ఆ తర్వాత వచ్చే నొప్పి ఒకటే రకం అనుకోకండి.

మొదటిది నరం నొప్పి. పక్కటెముకల మధ్య నుంచి బయల్దేరి చంకలోంచి మోచేతి పైభాగం లోపలివైపుకి ఒక నరం వెళ్తుంది. గ్రంథులు తీసేటప్పుడు అది తెగొచ్చు, సాగొచ్చు. అప్పుడు ఆ భాగమంతా మొద్దుబారుతుంది. మొద్దుబారితే నొప్పి ఉండదనుకుంటారు చూడని వాళ్ళు. మొద్దుగా ఉన్నచోటే మంట, సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు. జాకెట్టు కుట్టు తగిలినా ఉలిక్కిపడతాం. మామూలు నొప్పి మాత్రలకి ఇది సరిగా లొంగదు. గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి నరాల నొప్పి మందులు వేరే ఉన్నాయి. అవి డాక్టరు రాయాల్సినవి. రాయాలంటే ఇది నరం నొప్పి అని ముందు ఎవరో ఒకరు గుర్తించాలి.

రెండోది తీగ. ఆపరేషన్ అయిన కొన్ని వారాల్లో చంకలోంచి మోచేతి దాకా, కొందరికి మణికట్టు దాకా, చర్మం కింద తాడులా బిగుసుకుంటుంది. చెయ్యెత్తితే కంటికి కనిపిస్తుంది. దీన్ని డాక్టర్లు కార్డింగ్ అంటారు. చూసి హడలిపోతాం, జబ్బు తిరగబెట్టిందేమోనని. అది జబ్బు కాదు. సరైన పద్ధతిలో సాగదీస్తే చాలామందికి కొన్ని నెలల్లో వదులవుతుంది. ఆ ఒక్క ముక్క ముందే చెబితే ఎన్ని రాత్రుల నిద్ర మిగులుతుందో!

మూడోది భుజం బిగుసుకోవడం. నొప్పి అని కదపం, కదపక బిగుస్తుంది, బిగిసిందని ఇంకా నొప్పి. నాలుగోది వాపు, లింఫెడీమా. గ్రంథులు పోయాక చేతిలోని నీరు సరిగా వెనక్కి వెళ్ళక నిలిచిపోతుంది. గాజులు బిగుతవడం, జాకెట్టు చెయ్యి ఒకవైపే పట్టేయడం, సాయంత్రానికి చెయ్యి బరువెక్కడం దీని మొదటి గుర్తులు. ఇది ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు. తొలిరోజుల్లో పట్టుకుంటే బిగుతు తొడుగుతో, వ్యాయామంతో అదుపులో ఉంటుంది.

ఇదంతా నా ఒక్కదాని సొద అనుకునేవాళ్ళకి ఒక లెక్క. డెన్మార్క్‌లో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి రెండు మూడేళ్ళు గడిచిన ఆడవాళ్ళని అడిగి 2009లో ఫలితాలు ప్రచురించారు. జవాబిచ్చిన 3253 మందిలో 47 శాతం మంది ఇంకా నొప్పి ఉందన్నారు. చంకలో గ్రంథులన్నీ తీయించుకున్నవాళ్ళకి, ఒకటి రెండు తీయించుకున్నవాళ్ళ కంటే ఆ అవకాశం ఎక్కువని కూడా తేలింది. ఇంచుమించు సగం మంది! సగం మందికి ఉన్న బాధని "కొందరికి అలా ఉంటుందిలెండి" అని ఎలా తోసేస్తారు?

ఇక ఇంటి సంగతికొద్దాం. నా అసలు కోపం ఇక్కడే.

ఇంట్లో రెండు రకాల ప్రేమలు ఎదురవుతాయి. మొదటి రకం "చెయ్యి కదపకు తల్లీ, కుట్లూడిపోతాయి" అంటుంది. నెలంతా చేతిని ఒళ్ళో పెట్టుకు కూర్చోబెడుతుంది. ఈలోగా భుజం కొయ్యబారిపోతుంది. రేడియేషన్ ఇవ్వాలంటే చెయ్యి తలమీదుగా ఎత్తి కదలకుండా పడుకోవాలి. ఎత్తలేకపోతే ఆ వైద్యమే ఇబ్బందిలో పడుతుంది. అంటే చెయ్యి లేవడం సోకు కోసం కాదు, ప్రాణం దక్కించే వైద్యంలో అదీ భాగమే. ప్రాణం, ప్రాణం అనేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

రెండో రకం ఇంకా గడుసుది. "వేరే ఎక్సర్‌సైజులెందుకు, ఇంటి పని చేస్తే అదే ఎక్సర్‌సైజు" అంటుంది. ఈ మాట మా ఇంట్లోనూ వచ్చింది. వినడానికి ఎంత బాగుందో! ఇందులో నిజం కొంత ఉంది. తల దువ్వుకోవడం, అన్నం కలుపుకోవడం, గిన్నె తుడవడం లాంటి చిన్నచిన్న పనులకి ఆ చెయ్యి వాడటం మంచిదే. కానీ చీపురు పట్టి ఊడిస్తే చెయ్యి ఎప్పుడైనా తల దాటి లేస్తుందా? పిండి కలిపినా, కూర తరిగినా, అంట్లు తోమినా చెయ్యి నడుముకీ ఛాతీకీ మధ్యే తిరుగుతుంది. లేవాల్సిన ఎత్తుకి లేవదు, అలిసిపోవాల్సినదాని కంటే ఎక్కువ అలుస్తుంది. పోనీ ఎత్తే పనులంటారా, తడిసిన దుప్పటి దండెం మీద వెయ్యడం, నిండు బిందె దించడం, గ్రైండరు రాయి తీయడం. అవి ఒక్కసారిగా మీదపడే బరువులు. వ్యాయామం నెమ్మదిగా మొదలై రోజుకింత పెరుగుతుంది, నొప్పి దగ్గర ఆగుతుంది. ఇంటి పని ఆగదు. కుక్కరు కూత వేశాక "నా చెయ్యి ఇక్కడిదాకే వస్తుంది" అంటే అది వింటుందా?

అలాగని జన్మలో బరువెత్తకూడదన్నదీ తప్పే. అమెరికాలో చెయ్యి వాచిన 141 మంది ఆడవాళ్ళతో చేసిన అధ్యయనం 2009లోనే వచ్చింది. బిగుతు తొడుగు వేసుకుని, నేర్పేవాళ్ళ దగ్గర, చాలా తక్కువ బరువుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ చేసినవాళ్ళకి వాపు ఎక్కువ కాలేదు, బలం మాత్రం పెరిగింది. ఏ బరువు, ఎప్పుడు, ఎంత అన్నది చెయ్యి తేల్చాలి, వంటిల్లు కాదు.

చూడటానికొచ్చే పెద్దవాళ్ళతో కూడా ఒక మాట. పిన్నిగారూ, అత్తయ్యగారూ, నువ్వులనూనె పెట్టి గట్టిగా మర్దన చేస్తానంటూ ఆ చేతి మీదికి రాకండి. స్పర్శ తెలియని చర్మం మీద వేడి కాపడం పెడితే కాలిన సంగతి కూడా తెలియదు. మీ ప్రేమ కాదనను. అది రెండు రోజుల వంటగా ఇచ్చారంటే దండం పెట్టి పుచ్చుకుంటాను.

ఇక ఆసుపత్రి. నన్ను ఇంటికి పంపేటప్పుడు చేతికొక కాగితమిచ్చారు. అందులో ఇంగ్లీషులో ఆరు బొమ్మలు. నిలబడి చేసి చూపించినవాళ్ళు లేరు. నేను నాలుగక్షరాలు చదువుకున్నదాన్ని, కూడబలుక్కున్నాను. నా పక్క మంచంలో ఉన్నావిడ ఆ కాగితాన్ని మందుల చీటీ అనుకుని కొంగున ముడేసుకుంది. బ్రిటన్‌లో 392 మంది మీద ఇదే సంగతి పరీక్షించి 2021లో ప్రచురించారు. భుజం ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువున్నవాళ్ళని ఎంచుకున్నారు. సగం మందికి కాగితాలు మాత్రమే ఇచ్చారు. మిగతా సగానికి ఆపరేషన్ అయిన వారం పది రోజుల నుంచి ఫిజియోథెరపిస్టు దగ్గరుండి వ్యాయామం నేర్పించారు. ఏడాది తర్వాత నేర్పించినవాళ్ళ చెయ్యే బాగా పనిచేసింది, నొప్పీ తక్కువగా ఉంది. లక్షల ఖర్చుతో గడ్డ తీసే చోట, ఒక మనిషిని పది నిమిషాలు నిలబెట్టి తెలుగులో చెప్పించలేరా?

"డాక్టర్లకి తీరిక ఎక్కడిది, బయట వందమంది ఉంటారు" అంటారు. నిజమే, ఆ వరసలో నేనూ కూర్చున్నాను. కానీ నేను డాక్టరుగారి గంట అడగటం లేదు. "నొప్పి ఉందా, సున్నా నుంచి పదిలో ఎంత?" అని ప్రతిసారీ ఒక్క ప్రశ్న, "చెయ్యి ఎత్తి చూపించండి" అని ఒక్క మాట. బరువు చూసే సిస్టరమ్మ కూడా ఇది అడిగి రాసుకోవచ్చు.

వాళ్ళు అడిగేదాకా మనం ఆగక్కర్లేదు. ఆపరేషన్‌కి ముందే అడగండి: నాకు గ్రంథులన్నీ తీయడం తప్పదా, ఒకటి రెండుతో సరిపోతుందా? రొమ్ము మొత్తం తీయకుండా, రేడియేషన్ ఇచ్చే కొందరిలో ఒకటి రెండు గ్రంథుల్లో జబ్బు కనిపించినా మిగతావి తీయకపోతే నష్టం లేదని 2011 నాటికే తేలింది. అందరికీ అది వర్తించదు, మీకు వర్తిస్తుందో లేదో తెలుసుకునే హక్కు మాత్రం మీదే. ఇంటికొచ్చేముందు అడగండి: ఏ వ్యాయామం, ఏ రోజు నుంచి, ఎంత ఎత్తు దాకా? ఆ తర్వాత రోజుకి రెండు మూడుసార్లు పదేసి నిమిషాలు ఆ చేతికి కేటాయించండి. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించి, ఆగినచోట పెన్సిలు గీత గీయండి. మా ఇంట్లో పిల్లాడి ఎత్తు గీసిన గోడ మీదే నా గీతలూ ఉన్నాయి. మొదటిది వాడి ఏడో ఏటి గీతకి అందలేదు. ఇప్పుడు వాణ్ణి దాటాను.

ఒక్క హెచ్చరిక. చెయ్యి ఎర్రబడి వేడెక్కినా, జ్వరమొచ్చినా, కొత్తగా గడ్డ తగిలినా, తగ్గుతూ వచ్చిన నొప్పి ఉన్నట్టుండి మారినా అదేరోజు ఆసుపత్రికి వెళ్ళండి. "ప్రాణం దక్కింది కదా" అని ఊరుకోవడం అన్నిటికంటే ప్రమాదం అప్పుడే.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ళు, భర్తలు, కొడుకులు, తోడికోడళ్ళు, ఆ పాత మాట ఇక మానేయండి. దాని బదులు రోజూ ఒక్క ప్రశ్న అడగండి: "ఇవాళ చెయ్యి ఎంతదాకా లేచింది?" జవాబు పూర్తిగా వినండి. విన్నాక ఆ అటక మీద డబ్బా మీరే దింపండి.