బ్రేకు తొక్కితే పక్కకు లాగే పెళ్లికారు

మొన్న ఒక పెళ్లికారు మా చెరువు కట్టపై బ్రేకు వేయగానే ఎడమకు లాగి అంచున ఆగింది. దేవుడి దయవల్ల వధూవరులు క్షేమం. అది ముస్తాబు చేసిన పాత అంబాసిడర్. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. రంగు, సీట్లు చూసి మురిసిపోతున్నామేగాని బ్రేకుల సంగతి అడగడం లేదు.

పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ముందువి తీసి డిస్కు బ్రేకులు వేయించడం తప్పు కాదు. పాతసామాన్ల కొట్లో దొరికినవి ఒక్కో పక్క ఒక్కో రకం బిగించడమే ప్రమాదం.

టైర్లలో గాలి సమానంగా ఉన్నా బండి లాగితే ముందు చక్రాలు రెండూ విప్పించి చూడండి. డిస్కుల సైజు, మందం, ప్యాడ్లు, కాలిపర్ పిస్టన్ల లావు రెండువైపులా ఒకటిగా ఉండాలి. గాలి తీసే నిపుల్ కాలిపర్ పైభాగాన ఉండాలి. కింద ఉంటే సాధారణంగా కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగించారని అర్థం. లోపలి గాలి పూర్తిగా పోక పెడలు మెత్తగా దిగిపోతుంది. డ్రమ్ముల కాలపు మాస్టర్ సిలిండరే ఉంచితే ప్యాడ్లు పూర్తిగా విడవక చక్రాలు వేడెక్కవచ్చు.

జత కుదరని సామాను బిగించబోమని మెకానిక్ సోదరులు ఖండితంగా చెప్పాలి. యజమానులు నాలుగు డబ్బులు మిగిలాయని సంతోషించరాదు. ఆ కారులో కూర్చునేది మన పిల్లలే.