పాత రికార్డులు – పేర్ల బాకీ

ఒకసారి విడుదలై జనాదరణ పొందిన పాటల సంపుటి కొంతకాలం గడచిన పిమ్మట కొత్త అట్టతో మరల అంగడికి రావడం వింత విషయమేమీ కాదు. గ్రామఫోను పళ్లెం లాంగ్ ప్లే రికార్డుగా, రికార్డు క్యాసెట్టుగా, క్యాసెట్టు సి.డి.గా మారినవి. ఇప్పుడు నల్లని వినైల్ పళ్లెం తిరిగి వచ్చినది. ఇట్లు వచ్చిన ప్రతి రూపాన్నీ కొని దాచుకొనే అభిరుచి గలవారు మన మధ్య ఉన్నారు. విన్న పాటనే మరల మరల కొనడం డబ్బు చేసిన జబ్బు అని కొందరు పెద్దలు కొట్టివేస్తారు. ఆ మాటతో మేము ఏకీభవించలేము. అయితే కొనేవాడు ఏమి చూచి కొంటున్నాడన్న ప్రశ్న అడగదగినదే. శబ్దానికి పెట్టిన మెరుగుకంటె, ఆ పాటకు పాటుపడిన వారి పేర్లు ఎంత నిజాయితీగా అచ్చు వేశారన్నదే పునర్ముద్రణకు అసలైన గీటురాయి అని మా అభిప్రాయం.

మొదట శబ్దం సంగతి కొంత చెప్పవలసి ఉన్నది. లక్క కలిపి చేసిన పాత 78 చుట్ల రికార్డు ఒకవైపు సుమారు మూడు నిమిషాలు మాత్రమే పలికేది. ముల్లు నడచిన కొద్దీ గాడి అరిగి బరబర శబ్దం చేరేది. పునర్ముద్రణ చేసేవారు ఆ బరబరను తొలగిస్తారు. మోతాదు మించి తొలగిస్తే దానితోపాటు గాయకుని ఊపిరి, వీణ తీగపై గోటి తాకిడి కూడా పోవును. తొలినాటి రికార్డులన్నీ సరిగా 78 చుట్లే తిరిగేవి కావు. ఆ వేగాన్ని తప్పుగా లెక్కిస్తే శ్రుతి హెచ్చును, లేదా తగ్గును. మరికొన్ని ముద్రణలలో మెల్లగా పాడిన చోటును, ఎలుగెత్తి పాడిన చోటును ఒకే ఎత్తుకు పెంచివేస్తారు. మూల టేపు నుండి తీసిన ప్రతి ఒకటి, నకలుకు నకలుగా తీసిన ప్రతి ఒకటి. కనుక ఒకే పాటకు మూడు ముద్రణలు కొన్నవాడు మూడు పాఠాంతరాలు సేకరించినట్లే. కావ్యానికి తాళపత్ర ప్రతులు తెచ్చి పోల్చి చూచే పండితుని మనం గౌరవిస్తాము. రికార్డులు పోల్చి వినేవానిని పిచ్చివాడనడం న్యాయమా?

అయితే పాఠాంతరాలు చూచే పండితుడు కృతికర్త ఎవరన్న ప్రశ్నను ఎన్నడూ విడువడు. రికార్డులు సేకరించేవారు తరచుగా విడిచేది ఆ ప్రశ్ననే. ఇందుకు పాశ్చాత్య దేశాల నుండి ఒక ఉదాహరణ. ఆంగ్లదేశపు పింక్ ఫ్లాయిడ్ బృందం పేరు మన విద్యార్థులలో కొందరికి పరిచితమే. వారు 1973లో విడుదల చేసిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ సంపుటి నాలుగు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయినది. 2003లో, 2011లో, ఏబది యేండ్లు నిండిన 2023లో అది కొత్త కొత్త రూపాలలో వెలువడినది. ఏ ముద్రణలో గడియారాల మోత స్పష్టంగా ఉన్నదన్న దానిపై సంగ్రాహకులకు వాదాలు కలవు. కాని ఆ సంపుటి చరిత్రలో మాకు ముఖ్యంగా తోచిన మార్పు చెవికి వినిపించేది కాదు, కంటితో చదువవలసినది.

అందులో ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’ అనే భాగంలో ఒక స్త్రీ కంఠం మాటలు లేకుండా కేవలం ఆలాపనగా సాగును. ఆమె క్లేర్ టోరీ. 1973 జనవరిలో ఒక ఆదివారంనాడు లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోకు పిలిపించి ఆమెచే పాడించారు. ఆమెకు ముట్టినది 30 పౌన్లు. అట్టమీద గాయనిగా ఆమె పేరు వేశారు గాని, స్వరకర్తగా మాత్రం వాద్యకారుడు రిచర్డ్ రైట్ పేరు ఒక్కటే వేశారు. అక్కడికక్కడ తాను అల్లుకొన్న ఆలాపన రచన కాదా అని ఆమె 2004లో న్యాయస్థానానికి వెళ్లినది. 2005లో రాజీ కుదిరినది. అటు తరువాతి ముద్రణలలో రైట్ పేరు ప్రక్కన టోరీ పేరు కూడా స్వరకర్తగా అచ్చయినది. ముప్పదిరెండేండ్ల బాకీ ఒక్క పంక్తితో తీరినది. మెరుగుల మాట ఎట్లున్నను, ఆ పంక్తి కోసం ఆ ముద్రణను దాచుకోదగును.

ఆ రికార్డును వెలువరించిన ఇ.ఎం.ఐ. సంస్థకు, మన ఇండ్లకు కుక్కబొమ్మ రికార్డులు తెచ్చిన గ్రామఫోన్ కంపెనీకి వంశం ఒక్కటే. ఆ కంపెనీ తరపున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానాన్ని ముద్రించాడు. పాట చివర ఆమె ఆంగ్లంలో తన పేరు తానే చెప్పుకొనేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్ నగరంలో. అక్కడి పనివారికి ఏ గొంతు ఎవరిదో తెలియదు గనుక ఆ ఏర్పాటు జరిగినది. నూరేండ్లు దాటిన తరువాత చీటీ చెరిగిపోయిన రికార్డు దొరికినా, ఆ గొంతు తన పేరు తాను చెప్పుచునే ఉన్నది. ఆ చివరి మాటను అనవసరమని కత్తిరించిన ముద్రణ ఎంత శుభ్రంగా వినిపించినా లోపభూయిష్ఠమే.

అందరికీ ఆ అవకాశం దక్కలేదు. 1949 నాటి ‘మహల్’ చిత్రంలోని ప్రసిద్ధ గీతపు రికార్డు చీటీపై లతా మంగేష్కర్ పేరు లేదు. మధుబాల ధరించిన పాత్ర పేరు ‘కామిని’ అని మాత్రమే ఉన్నది. పాడినది ఎవరని శ్రోతలు రేడియోకు ఉత్తరాలు వ్రాసిన మీదటనే అసలు పేరు వెల్లడి అయినది. మన తెలుగు ‘మాయాబజార్’ సంగతి చూడండి. 1957లో వచ్చిన ఆ చిత్రానికి సంగీత దర్శకునిగా ఘంటసాల పేరు కనిపించును. అందులో నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు సమకూర్చి తప్పుకొన్నవని సినీ సంగీత చరిత్ర తెలిసినవారు చెబుతారు. ఇందువలన ఘంటసాల ప్రతిభకు వచ్చిన లోటేమీ లేదు. ఆ బాణీలకు వాద్యగోష్ఠి కూర్చి నిండుదనం తెచ్చినది ఆయనే. ఇద్దరి పేర్లూ ఉంటే ఇద్దరి గౌరవమూ నిలుచును. ఇక ఆ పాటలలో వేణువు ఊదినవారు, వయొలిన్ పట్టినవారు, తబలా వాయించినవారు ఎవరో అట్ట చూచి తెలుసుకొనే భాగ్యం మనకు సాధారణంగా లేదు.

ఈ విషయం మనవంటి కళాశాలకు మరింత సన్నిహితమైనది. ఆంధ్రదేశంలో దేవాలయ నాదస్వరాన్ని తరతరాలుగా ముస్లిం కుటుంబాలు పోషించినవి. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబు చిలకలూరిపేట ఆదం సాహెబు వద్దను, తరువాత తమిళదేశపు గురువుల వద్దను నేర్చి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మదరాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు పొంది 1999లో కన్నుమూశారు. ఆయన పేరు చెక్కుచెదరదు. కాని ఆయనకు ముందు, ఆయనతోపాటు ఊరూర పెండ్లిపందిళ్లలో, ఉత్సవాలలో ఊదినవారెందరు? ప్రక్కన డోలు వాయించినవారెందరు? వారి వాద్యం ఏ టేపులోనో ఉండవచ్చును. పైన ‘సన్నాయి మేళం’ అని మాత్రమే వ్రాసి ఉంటే, వినేవానికి అది ఒక మనిషి ఊపిరి అని తెలియదు.

చట్టం కూడా ఈ దిశలో కొంత నడచినది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో జరిగిన సవరణ, ప్రదర్శకునికి తన ప్రదర్శనకు తన పేరు చెప్పించుకొనే హక్కును గుర్తించినది. అదే చట్టం ప్రకారం ధ్వనిముద్రణపై హక్కు ప్రచురించిన మరుసటి సంవత్సరం నుండి 60 ఏండ్లు నడుచును. అనగా 1964 వరకు ప్రచురితమైన ధ్వనిముద్రణలపై ఆ హక్కు 2024 చివరికి తీరినది. సాహిత్యానికి, బాణీకి వేరే లెక్క కలదు. ముద్రణపై హక్కు తీరిన కొద్దీ పాత పాటలు ఎవరు పడితే వారు వెలువరించే రోజులు వచ్చుచున్నవి. అట్టలు లేవు, అట్టవెనుక వ్రాతలు లేవు. 2017లో వచ్చిన ‘కారవాన్’ పెట్టెలో ఐదువేల హిందీ పాటలు ఇమిడినవి. ఇన్ని పాటలు ఇంత సులభంగా దొరకడం సంతోషమే. కాని పాట చేతికి వచ్చి పేరు చేజారిపోతే, తెలిసినవారు గతించిన తరువాత ఏ యంత్రమూ ఆ పేరును తిరిగి తేలేదు.

మన సంప్రదాయాలు రెండూ ఈ విషయంలో మనకు దారి చూపినవే. హదీసు విద్యలో ఒక మాటను స్వీకరించే ముందు ఎవరి నుండి ఎవరు విన్నారన్న ఇస్నాదును పరిశీలిస్తారు. ఆ పేర్ల గొలుసు తెగితే మాటకు బలం తగ్గును. తెలుగు కవులు ప్రతి ఆశ్వాసం చివర గద్యలో తమ పేరును, తండ్రి పేరును చెప్పుకొన్నారు. మన తిరుమలలో దొరికిన తాళ్లపాక రాగిరేకులు అన్నమాచార్యుని పదాలను, రాగాల పేర్లను భద్రపరచినవి. నాటి బాణీలు మాత్రం మనకు దక్కలేదు. రాగిపై నాదం నిలువలేదు, కర్త నిలిచాడు. నేడు యంత్రం నాదాన్ని నిలిపినది. పేరును నిలుపవలసిన పని మనది.

కళాశాల కమిటీ పెద్దలకు మా సూచన ఇది. గ్రంథాలయంలో ఒక బీరువా, ఒక రిజిస్టరు కేటాయించండి. మన తడ ఉర్దూ, తెలుగు, తమిళం కలిసే చోటు. ఆంధ్ర సరిహద్దు దాటితే మదరాసు. 1985లో కాలిపోయేవరకు అక్కడి మూర్ మార్కెట్టు పాత పుస్తకాలకు, పాత రికార్డులకు పేరెన్నికగన్నది. అట్టి చోట్ల కొని తెచ్చినవి, పెద్దల ట్రంకుపెట్టెలలో మిగిలినవి రికార్డులు, క్యాసెట్లు ఈ ప్రాంతపు ఇండ్లలో ఇంకను ఉండకపోవు. పాత సామానుల వానికి వేసేలోగా విద్యార్థులు వాటిని అడిగి తీసుకోవచ్చును. రిజిస్టరులో కంపెనీ పేరు, చీటీ మీది సంఖ్య, చీటీ ప్రక్కన పళ్లెంపై గీచిన అచ్చు సంఖ్య, గాయకుడు, రచయిత, స్వరకర్త, ప్రక్కవాద్యకారులు, సంవత్సరం వ్రాయవలెను. అచ్చులో లేని పేరును ఒక పెద్దవారు చెబితే, చెప్పినది ఎవరో, ఏ తేదీన చెప్పారో కూడా వ్రాయవలెను. సందేహమున్నచోట సందేహమనే వ్రాయవలెను. పునర్ముద్రణలు కొనేటప్పుడు కూడా పాత చీటీకి, కొత్త అట్టకు పేర్లలో తేడా ఉన్నదా అని సరిచూడవలెను. చేరిన పేరు ఏది, జారిన పేరు ఏది అన్నది మన రిజిస్టరు చూచినవారికి తెలియవలెను.

దీనికి పెద్ద మొత్తం అవసరం లేదు. గోడకు రంగు వేయించే ఖర్చులో కొంత చాలును. సంగీతం విషయంలో మన పెద్దలలో అభిప్రాయభేదాలున్న సంగతి మాకు తెలియనిది కాదు. ఆ చర్చను తీర్చడం ఈ వ్యాసం పని కాదు. పాట వినడం ఇష్టం లేనివారు కూడా ఒక విషయంలో మాతో ఏకీభవిస్తారని నమ్ముచున్నాము. శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించుమని మన ప్రవక్త బోధ. వాయించినవానికి నాడు కూలి ముట్టినదో లేదో మనం ఇప్పుడు సరిదిద్దలేము. ఆ కూలిలో మిగిలిన భాగం అతని పేరు. అది చెల్లించుట మన చేతిలో ఉన్నది.

విద్యార్థి మిత్రులారా, మీకు నచ్చిన బృందం పళ్లెం కొత్త ముద్రణ వచ్చినదని తెలిస్తే తప్పక కొనండి. అట్ట విప్పి పేర్లన్నీ చదివిన తరువాతనే ముల్లు దించండి. ఈ సెలవులలో మీ ఇంటి పెద్దవారి వద్ద కూర్చుండి ఒక పాత క్యాసెట్టు వినిపించి, వాయించినది ఎవరని అడగండి. వారు చెప్పిన పేరును తేదీతో సహా వ్రాసి తెండి. రిజిస్టరులో మొదటి పుట దాని కోసం ఖాళీగా ఉంచుతాము.